నైట్ డ్యూటీ, ఆదివారం ఆరాధన: నర్సుల పనిలో విశ్వాసం ఎంతవరకు ఆసరా?

అమెరికాలో 1976లో 1,21,700 మంది నర్సులతో ఒక ఆరోగ్య అధ్యయనం మొదలైంది. గర్భనిరోధక మాత్రలు ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందో తెలుసుకోవడం అప్పట్లో దాని ముఖ్య ఉద్దేశం. రెండేళ్లకోసారి ప్రశ్నపత్రం పోస్టులో వెళ్లేది, నర్సులు నింపి పంపేవారు. దశాబ్దాల పాటు అది ఆగకుండా సాగింది. దారిలో ఒక చిన్న ప్రశ్న కూడా చేరింది: ఆరాధనకు మీరు ఎంత తరచుగా వెళ్తారు? ఆ జవాబులను హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో టైలర్ వాండర్‌వీల్ బృందం తీసుకుని, 1996 నుంచి 2010 వరకు ఆ నర్సులకు ఏం జరిగిందో చూసింది. వారానికి ఒకసారైనా ఆరాధనకు వెళ్లేవారిలో ఆత్మహత్యల రేటు, అసలు వెళ్లనివారి రేటులో సుమారు ఐదో వంతే ఉందని 2016లో ప్రకటించింది. 2020లో మరో విశ్లేషణ వచ్చింది. మద్యం, మత్తుమందులు, ఆత్మహత్య అనే మూడు కారణాల మరణాలనూ కలిపి చూస్తే, వారం వారం ఆరాధనకు వెళ్లే మహిళల్లో ఆ ముప్పు 68 శాతం తక్కువగా కనిపించింది. ఆరోగ్య రంగంలో పనిచేసే పురుషుల మీద జరిగిన ఇంకో అధ్యయనంలో 33 శాతం తక్కువ.

ప్రసంగాల్లో వాడుకోవడానికి ఇంతకన్నా మంచి లెక్క దొరకదు. ‘చూశారా, సైన్సు కూడా ఒప్పుకుంది’ అనడం తేలిక. కానీ అక్కడ కొలిచింది ఏమిటో ఒకసారి నిదానంగా చూడాలి. దేవుని మీద ఎంత నమ్మకం ఉంది, రోజుకు ఎన్నిసార్లు ప్రార్థన చేస్తారు, ఎన్ని అధ్యాయాలు చదువుతారు అన్నవి ఆ లెక్కకు ఆధారం కాదు. నలుగురు కూడే చోటికి మనిషి స్వయంగా వెళ్లడమే ఆధారం. ఒంటరి ప్రార్థన కన్నా, సొంతంగా చెప్పుకునే భక్తి కన్నా, సంఘంతో కలిసి చేసే ఆరాధనకే ఆరోగ్యంతో బలమైన సంబంధం కనిపిస్తోందని వాండర్‌వీల్ పదే పదే చెబుతూ వచ్చారు. పైగా ఇవి మనుషులను ఏళ్ల తరబడి గమనించి కట్టిన లెక్కలు. మందును పరీక్షించినట్టు సగం మందిని చర్చికి పంపి, సగం మందిని ఇంట్లో ఉంచి చేసినవి కావు. అందులోని నర్సులు ఎక్కువమంది తెల్లజాతి అమెరికన్లు, కాథలిక్కులు లేదా ప్రొటెస్టంట్లు. వారి లెక్కను ఉన్నదున్నట్టు తెచ్చి నెల్లూరు నర్సుకో, నిజామాబాద్ నర్సుకో అంటించలేం.

అయినా ఆ లెక్కలో ఇక్కడి నర్సులకు పనికొచ్చే విషయం ఒకటి ఉంది. మేలు చేసేది కూడికే అయితే, ఆ కూడికకు వెళ్లే వీలు లేనివారి సంగతేమిటి? ఆస్పత్రికి ఆదివారం సెలవు ఉండదు.

రోస్టర్ లాగేసుకునేది

తెలుగు రాష్ట్రాల్లో చాలా ప్రైవేటు ఆస్పత్రుల్లో నైట్ డ్యూటీ అంటే పన్నెండు గంటలు. శనివారం రాత్రి ఎక్కిన నర్సు ఆదివారం ఉదయం కేసులు అప్పజెప్పి, బస్సు పట్టుకుని ఇల్లు చేరేసరికి చర్చిలో మొదటి పాట అయిపోయి ఉంటుంది. స్నానం చేసి పరుగెత్తినా ప్రసంగం సగంలో కునుకు పడుతుంది. వారపు ఆఫ్ ఏ మంగళవారమో, గురువారమో వస్తుంది. నెలకు రెండు ఆదివారాలు దొరికితే గొప్ప. ఇలా ఒక ఏడాది గడిస్తే ఆమె సంఘంలో సభ్యురాలిగా పేరుకు ఉంటుంది, కానీ ఆమె ముఖం గుర్తుపట్టేవారు తగ్గిపోతారు.

కూడిక వల్ల ఏం దొరుకుతుందో వివరంగా చూస్తే ఈ నష్టం ఎంతటిదో తెలుస్తుంది. అదే నర్సుల సమాచారం మీద జరిగిన మరో పరిశీలనలో, ఆరాధనకు వెళ్లేవారిలో మరణాల రేటు తక్కువగా ఉండడానికి దాదాపు నాలుగో వంతు కారణం తోడు, ఆదరణ అని తేలింది. పొగతాగే అలవాటు తక్కువగా ఉండడం, కుంగుబాటు తక్కువగా ఉండడం కూడా కొంత పని చేశాయి. తోడు అంటే పెద్ద విషయమేమీ కానక్కర్లేదు. రెండు వారాలు కనబడకపోతే ‘ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?’ అని అడిగే ఒక పెద్దావిడ ఉండడం. వార్డులో డాక్టరు మాట, హెడ్ నర్సు మాట, పేషెంటు బంధువుల మాట పడి వచ్చిన మనిషిని హోదాతో పని లేకుండా పేరు పెట్టి పిలిచే చోటు ఒకటి ఉండడం. గొంతెత్తి పాడడానికి, ఏడ్చినా ఎవరూ వింతగా చూడకపోవడానికి వారంలో రెండు గంటలు దొరకడం. ఇవన్నీ ఫోన్‌లో యూట్యూబ్ ప్రసంగం పెట్టుకుంటే వచ్చేవి కావు. లైవ్‌లో చూస్తున్న మనిషి ఈ వారం చూడలేదని ఎవరికీ తెలియదు.

దీనికి సంఘాలు ఏం చేయగలవని అడిగితే, గల్ఫ్‌లోని తెలుగు క్రైస్తవులు ఎప్పుడో జవాబు చెప్పేశారు. కువైట్‌లో శుక్రవారం సెలవు కాబట్టి అక్కడి తెలుగు సంఘాల పెద్ద ఆరాధన శుక్రవారమే జరుగుతుంది. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇళ్లలో పనికి, డ్రైవింగ్‌కు, ఆస్పత్రులకు వెళ్లినవారు ఆ రోజే ఒకచోట చేరతారు. అలా రోజు మార్చుకున్నందుకు విశ్వాసం పలచబడిందని ఎవరూ బాధపడలేదు. సౌదీ అరేబియాలో చర్చి భవనాలకే అనుమతి లేదు. అక్కడి నర్సులకు హాస్టల్ గదిలో ముగ్గురు నలుగురు చేసుకునే ప్రార్థనే ఆరాధన. పరాయి దేశంలో సాధ్యమైన సర్దుబాటు సొంత ఊళ్లో ఎందుకు కుదరదో ఆలోచించాలి. ఇక్కడి సంఘాల్లో వారం మధ్య ఉపవాస ప్రార్థనలు ఉన్నా, అవి సాధారణంగా పగటిపూట ఇంటిపట్టున ఉండేవారికి వీలుగా ఉంటాయి. సాయంత్రం డ్యూటీ దిగినవారి కోసం, రాత్రి డ్యూటీ ఎక్కేవారి కోసం ఒక కూడిక పెట్టాలన్న ఆలోచన నర్సులు ఎక్కువగా ఉండే సంఘాల్లో కూడా అరుదు.

సేవ అన్న మాట, జీతం అన్న లెక్క

నర్సు వృత్తికీ క్రైస్తవానికీ బంధం పాతది. జర్మనీలోని కైసర్‌స్వెర్త్‌లో 1836లో పాస్టరు తియోడోర్ ఫ్లీడ్నర్ డీకనెస్‌ల (రోగుల, పేదల సేవకు చర్చి నియమించే మహిళల) శిక్షణ మొదలుపెట్టారు. 1851లో ఫ్లారెన్స్ నైటింగేల్ శిక్షణ పొందింది అక్కడే. ఆ డీకనెస్‌లకు జీతం లేదు. తిండి, బట్ట, గది, కొద్దిపాటి చేతిఖర్చు ఉండేవి. ముసలితనంలో సంస్థే చూసుకునేది. ఆ మాట ఇచ్చి నిలబెట్టుకున్నంత కాలం అది ఒక రకమైన ఒప్పందమే.

తెలుగు నేలకూ ఆ ఒరవడి మిషనరీల ద్వారానే వచ్చింది. లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చారు. ఆమె పేరున్న ఆస్పత్రి ఇప్పటికీ ఆ ఊళ్లో ఉంది. ఆస్ట్రేలియా నుంచి డాక్టర్ మేరీ గ్లౌరీ 1920లో అదే గుంటూరుకు వచ్చి, సన్యాసినిగా ఉంటూనే వైద్యం చేశారు. ఆమె చొరవతో 1943లో పుట్టిన కాథలిక్ ఆస్పత్రుల సంఘం ఇప్పుడు సికింద్రాబాద్ కేంద్రంగా నడుస్తోంది. అగ్రవర్ణాల ఇళ్లవారు పరాయివారి మలమూత్రాలు ముట్టుకోవడానికి ఇష్టపడని కాలంలో ఆ పనికి ముందుకొచ్చింది ఎక్కువగా దళిత క్రైస్తవ కుటుంబాల ఆడపిల్లలు. వారికి అది చదువు, సొంత సంపాదన, తెల్లని యూనిఫాం, ఊళ్లో ఒక మర్యాద. తల్లి నర్సు, కూతురు నర్సు, మనవరాలు నర్సు అన్న కుటుంబాలు కోస్తా జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి. కాబట్టి ‘ఇది దేవుడిచ్చిన పని’ అని ఆ ఇళ్లలో అంటే అది ఉత్తి మాట కాదు.

పనిని పిలుపుగా భావించేవారు ఆ పనిలో ఎక్కువ తృప్తి పొందుతారని పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. ఆ పిలుపుకు రెండో అంచు కూడా ఉందని 2009లో స్టువర్ట్ బండర్సన్, జెఫ్రీ థాంప్సన్ చూపించారు. వారు ఎంచుకున్నది జూలలో జంతువులను చూసుకునే ఉద్యోగులను. తమ పనిని పిలుపుగా చూసేవారికి ఆ పనిలో అర్థం ఎక్కువ కనిపించింది. వారే జీతం, సమయం, సౌఖ్యం వదులుకోవడానికి ఎక్కువ సిద్ధపడ్డారు. ‘వీళ్లు ఎలాగూ వదిలి వెళ్లరు’ అని యాజమాన్యం పసిగడితే ఆ ప్రేమే వారి బలహీనత అయిపోతుంది. జంతువుల దగ్గరే ఇలా ఉంటే మనుషుల ప్రాణాల దగ్గర ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

నర్సుల జీతాల మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. 2016 జనవరిలో కోర్టు ఆదేశంతో కేంద్రం కమిటీ వేసింది. ప్రైవేటు ఆస్పత్రి ఎంత చిన్నదైనా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, 200 పడకలు దాటిన ఆస్పత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. అమలు చేయాల్సింది రాష్ట్రాలు. సిఫారసు ఒకటి, జీతం కవరు ఒకటి అన్నట్టుగానే చాలాచోట్ల నడుస్తోంది. ఇలాంటి చోట నర్సు గొంతు విప్పితే ‘సేవాభావం ఉండాలమ్మా’ అన్న జవాబు వస్తుంది. క్రైస్తవ యాజమాన్యాల దగ్గర ఆ జవాబుకు వాక్యం కూడా తోడవుతుంది. ఎక్కువగా వినిపించేది కొలొస్సయులకు రాసిన పత్రికలోని మాట: ‘మీరేమి చేసినను అది మనుష్యుల నిమిత్తము కాక ప్రభువు నిమిత్తమని మనస్ఫూర్తిగా చేయుడి.’

ఆ వాక్యం ఎవరితో అన్నదో మాత్రం తక్కువమంది చెబుతారు. దాని ముందు వచనం ‘దాసులారా’ అని మొదలవుతుంది. రోమా సామ్రాజ్యంలో ఉద్యోగం మానేసే హక్కు లేని బానిసలకు, తమ పని యజమాని కళ్లకు కాకపోయినా దేవుని కళ్లకు కనిపిస్తుందని చెప్పిన ఓదార్పు అది. మూడు వచనాల తర్వాత అదే పత్రిక యజమానుల వైపు తిరిగి, పరలోకంలో మీకూ ఒక యజమాని ఉన్నాడు, మీ దాసులకు న్యాయంగా ఇవ్వాల్సింది ఇవ్వండి అని చెబుతుంది. మొదటి వాక్యం నర్సింగ్ హాస్టల్ గోడల మీద ఫ్రేము కట్టి కనిపిస్తుంది. రెండోది ఎండీ గదిలో వేలాడుతూ కనిపిస్తే అది వార్తే.

మనసు అలసిపోవడానికీ పని భారానికీ ఉన్న లెక్క ఎవరూ కాదనలేనిది. పెన్సిల్వేనియాలోని 168 ఆస్పత్రులను చూసి లిండా ఎయికెన్ బృందం 2002లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఒక్కో నర్సు మీద ఒక్క పేషెంటు అదనంగా పడిన ప్రతిసారీ ఆ నర్సు బర్నవుట్ అయ్యే అవకాశం 23 శాతం పెరుగుతుంది. పేషెంటు చనిపోయే ముప్పు 7 శాతం పెరుగుతుంది. మన దేశంలో నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం బోధనాసుపత్రిలో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, మామూలు ఆస్పత్రిలో ఐదుగురికి ఒక నర్సు. సెలవుల కోసం మరో 30 శాతం అదనంగా ఉంచుకోవాలి. ఇరవై, ముప్పై పడకల వార్డును ఒకరిద్దరు చూసుకునే రాత్రులు తెలిసినవారికి ఈ అంకెలు నవ్వు తెప్పిస్తాయి. ఆ రాత్రిని ప్రార్థనతో గట్టెక్కవచ్చు, చాలామంది గట్టెక్కుతున్నారు కూడా. ఏళ్ల తరబడి ప్రతి రాత్రీ ప్రార్థనతోనే గట్టెక్కాల్సి రావడం మాత్రం యాజమాన్యం చేయాల్సిన పనిని దేవుడి మీదికి నెట్టడమే.

ఇక్కడ బర్నవుట్ గురించి ఒక మాట చెప్పుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని తన జబ్బుల పట్టికలో ప్రస్తావిస్తూనే, ఇది జబ్బు కాదు, పనికి సంబంధించిన పరిస్థితి అని స్పష్టం చేసింది. తీరని అలసట, పని మీద విరక్తి, ‘నా వల్ల ఏమీ కావడం లేదు’ అన్న భావన దాని మూడు గుర్తులు. సంభాళించని పని ఒత్తిడి దాని మూలం. డిప్రెషన్ వేరు, అది వైద్యం అవసరమైన జబ్బు. రెండూ కలిసి వచ్చే సందర్భాలు ఉన్నా, మొదటిదానికి మందు రోస్టర్‌లో, రెండోదానికి మందు డాక్టరు దగ్గర వెతకాలి. ఈ తేడా తెలియక రెండింటికీ ఒకే ఉపవాస ప్రార్థన పెట్టుకునే అలవాటు మన సంఘాల్లో బలంగా ఉంది.

‘విశ్వాసం తక్కువైంది’ అన్న తీర్పు

విశ్వాసం మనసుకు ఎప్పుడు బలమవుతుంది, ఎప్పుడు బరువవుతుంది అన్నదాని మీద ఎక్కువగా పని చేసిన మనస్తత్వవేత్త కెన్నెత్ పార్గమెంట్. కష్టంలో మనుషులు దేవుణ్ణి తలుచుకునే తీరును ఆయన రెండుగా చూశారు. దేవుడు తోడున్నాడు, సంఘం తోడుంది, ఈ కష్టంలో ఏదో ఒక అర్థం దొరుకుతుంది అనుకునే తీరు ఒకటి. దేవుడు నన్ను విడిచిపెట్టాడు, నా పాపానికి శిక్ష వేశాడు, ఇది సాతాను పని అనుకునే తీరు రెండోది. ఆస్పత్రిలో చేరిన 596 మంది వృద్ధులను రెండేళ్లు గమనించి ఆయన బృందం 2001లో ప్రచురించిన ఫలితం కలవరపెట్టేది. రెండో తీరులో కొట్టుమిట్టాడినవారు చనిపోయే ముప్పు 19 నుంచి 28 శాతం ఎక్కువగా ఉంది. ఇద్దరూ విశ్వాసులే, ఇద్దరూ ప్రార్థించేవారే. కష్టానికి వారు ఇచ్చుకున్న వివరణ వేరు.

తెలుగు సంఘాల్లో ఆ రెండో తీరును తెలియకుండానే నేర్పే మాటలు చాలా ఉన్నాయి. నిద్ర పట్టడం లేదంటే ‘ప్రార్థనలో గడపమ్మా’ అంటారు. ఏడుపు ఆగడం లేదంటే ‘హృదయంలో ఏదైనా ఒప్పుకోని పాపం ఉందేమో పరీక్షించుకో’ అంటారు. డ్యూటీకి వెళ్లాలంటే గుండె దడ అంటే ‘దేనినిగూర్చియు చింతపడకుడి’ అన్న వాక్యం వస్తుంది. అది ఓదార్పుగా రాసిన మాట. ఆజ్ఞగా వినిపిస్తే చింత పడుతున్నందుకు మరో చింత మొదలవుతుంది. ఆ మాట రాసిన పౌలే మరో పత్రికలో, సంఘాలన్నిటి గురించిన చింత రోజూ తనను కలవరపెడుతోందని, ఒక దశలో బతుకుతామన్న ఆశే పోయిందని దాచకుండా రాసుకున్నాడు. ఆయన విశ్వాసం తక్కువైందని ఏ పాస్టరు గారూ అనలేదు.

సాక్ష్యం చెప్పే పద్ధతిలోనూ ఇలాంటి చిక్కే ఒకటి ఉంది. ‘అలా ఉండేదాన్ని, ప్రార్థించారు, ఇలా అయ్యాను’ అన్నది దాని అచ్చు. అయిపోయిన కష్టానికే మైకు దక్కుతుంది. మధ్యలో ఉన్న మనిషికి, ఆరు నెలలుగా మందులు మింగుతూ ఇంకా తేరుకోని నర్సుకు ఆ మైకు ముందు చోటు లేదు. బైబిలు ఈ విషయంలో సంఘం కన్నా ధైర్యంగా ఉంటుంది. కీర్తనల్లో మూడో వంతు దాకా మొరలే. 88వ కీర్తన ఏ పరిష్కారమూ లేకుండా ‘చీకటియే నాకు బంధువర్గమాయెను’ అని ఆగిపోతుంది. ఆదివారం ఆరాధనలో ఆ కీర్తన చదివే సంఘాలు ఎన్ని ఉంటాయో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

నర్సుల అధ్యయనంలోనే ఇంకో ఫలితం ఉంది, దాన్ని పెద్దగా ఎవరూ ప్రస్తావించరు. డిప్రెషన్ వచ్చిన మహిళలు తర్వాతి ఏళ్లలో ఆరాధనకు వెళ్లడం తగ్గించారు. అంటే చర్చికి రావడం మనసును కాపాడుతుందన్నది ఎంత నిజమో, మనసు కుంగితే చర్చికి రావడం ఆగిపోతుందన్నదీ అంతే నిజం. మన దగ్గర అలా రావడం మానేసినవారిని ‘విశ్వాసంలో చల్లారిపోయింది’ అంటారు. జబ్బు లక్షణాన్ని తప్పుగా లెక్కకట్టి తీర్పు చెప్పడం ఇది. తీర్పు విన్న మనిషి ఇంకా దూరం జరుగుతుంది, ఆమెకు అత్యవసరమైన తోడు సరిగ్గా ఆ సమయంలోనే తెగిపోతుంది.

ఆత్మహత్య విషయంలో పాత కాఠిన్యం కొంత తగ్గింది. 1917 నాటి కాథలిక్ చట్టం బుద్ధిపూర్వకంగా ప్రాణం తీసుకున్నవారికి చర్చి అంత్యక్రియలు నిరాకరించేది. 1983లో వచ్చిన కొత్త చట్టం ఆ నిషేధాన్ని తీసేసింది. తీవ్రమైన మానసిక వేదన మనిషి బాధ్యతను తగ్గిస్తుందని, అలా పోయినవారి రక్షణ గురించి ఆశ వదులుకోకూడదని 1992 నాటి కాథలిక్ సత్యోపదేశం చెబుతోంది. మన చట్టం కూడా మారింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. ఊళ్లలో అనుకునే మాటలు మాత్రం ఇంకా 1917లోనే ఉన్నాయి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది మందులు ఆపించడం. స్వస్థత కూటంలో చేతులుంచి ప్రార్థించాక ‘ఇక మాత్రలు వద్దు, విశ్వాసంతో ఉండు’ అన్న మాట నమ్మి, డిప్రెషన్ మందును ఒక్కసారిగా మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది. షుగరు మాత్ర వేసుకుంటూ స్వస్థత కోసం ప్రార్థించడం తప్పు కాదన్నప్పుడు, మనసు మాత్ర ఒక్కటే అవిశ్వాసం ఎలా అవుతుందో ఎవరూ వివరించరు. నర్సులకు ఈ సంగతి తెలుసు. తెలిసి కూడా ఆ మాటకు ఎదురు చెప్పలేకపోవడమే వారి మీది అదనపు బరువు.

దాచుకోవాల్సిన పేరు

తెలుగు రాష్ట్రాల్లో పని చోట క్రైస్తవుల మనసును నలిపే మరో విషయం ఉంది. అమెరికా పరిశోధనల్లో దీని ఊసు ఉండదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా వర్తించదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలం నుంచి అలా మారినవారిని బీసీ–సీ కింద చేర్చి ఒక శాతం రిజర్వేషన్ ఇస్తున్నారు. ఫలితంగా సర్టిఫికెట్‌లో ఒక మతం, ఆదివారం ఇంకో చోటు అన్న బతుకు ఎన్నో ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాల్లో ఉంది. దాని న్యాయాన్యాయాల చర్చ కోర్టుల్లో నడుస్తోంది, అది వేరే వ్యాసం. మనసు వైపు నుంచి చూస్తే, విశ్వాసం వల్ల దొరికే బలం ఆ కూడిక నుంచి, ఆ తోడు నుంచి వస్తుందని తెలిసినప్పుడు, ఆ కూడికనే ఆఫీసులో దాచుకోవాల్సి రావడం ఎంత ఖర్చుతో కూడిన పనో అర్థమవుతుంది. సోమవారం ‘నిన్న ఎక్కడికెళ్లారు?’ అన్న మామూలు ప్రశ్నకు కూడా జవాబు ముందే తయారుగా ఉంచుకోవాలి. సంఘం ఫొటోలో ముఖం పక్కకు తిప్పుకోవాలి. కష్టం వస్తే పక్క టేబులు మనిషితో ‘మా సంఘంలో ప్రార్థిస్తున్నారు’ అని కూడా అనలేరు.

దీనికి తిరగబడిన రూపం మిషన్ సంస్థల్లో కనిపిస్తుంది. అక్కడ డ్యూటీ ఉదయం ప్రార్థనతో మొదలవుతుంది. హిందూ, ముస్లిం సిబ్బంది కూడా వరుసలో నిలబడతారు. ‘మనమంతా ఒకే కుటుంబం’ అన్న మాట తరచూ వినిపిస్తుంది. కుటుంబంలో ఓవర్‌టైమ్ అడగడం, ఫిర్యాదు రాయడం మర్యాద కాదు. వార్డులో వేధించిన సీనియర్‌తో కలిసి మర్నాడు ఉదయం అదే చాపెల్‌లో కళ్లు మూసుకోవాల్సి వచ్చిన జూనియర్‌కు ఆ ప్రార్థన ఆదరణ ఇస్తుందని చెప్పలేం.

ఇక పాస్టర్ల మాట. విశ్వాసమే వృత్తి అయినవారికైనా మనసు నెమ్మదిగా ఉంటుందా అంటే, అమెరికాలోని నార్త్ కరొలైనా మెథడిస్టు పాస్టర్ల మీద డ్యూక్ విశ్వవిద్యాలయం జరిపిన సర్వేలో 8.7 శాతం మందిలో డిప్రెషన్ కనిపించింది. దేశం మొత్తం మీద ఆ రేటు 5.5 శాతం. మన దగ్గర జీతం లేకుండా సభ్యుల దశమభాగాల మీద బతికే స్వతంత్ర సంఘాల పాస్టర్ల గురించి అలాంటి లెక్క కట్టి చూడాల్సిన అవసరం ఉంది. అర్ధరాత్రి ఫోన్ వస్తే వెళ్లేది ఆయనే, ఆయన ఫోన్ చేయడానికి మాత్రం ఎవరూ ఉండరు.

ఎవరి పని ఎవరిది

పని చోట మానసిక ఆరోగ్యం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు సంస్థ చేయాల్సిన మార్పులకు, మేనేజర్ల శిక్షణకు పెద్ద చోటిచ్చాయి. ఉద్యోగికి ధ్యానం, శ్వాస అభ్యాసాలు నేర్పడం కూడా అందులో ఉంది, కానీ దానితోనే సరిపెట్టలేదు. డాక్టర్ల బర్నవుట్ మీద జరిగిన అధ్యయనాలను కలిపి 2017లో మరియా పానాగియోటి బృందం చేసిన విశ్లేషణలోనూ, వ్యక్తిని మార్చే ప్రయత్నాల కన్నా పని పద్ధతిని మార్చే ప్రయత్నాలే ఎక్కువ ఫలితమిచ్చాయి. కార్పొరేట్ ఆస్పత్రిలో యోగా క్లాసు అయినా, మిషన్ ఆస్పత్రిలో ఉపవాస ప్రార్థన అయినా, నర్సుల సంఖ్య పెంచకుండా చేస్తే రెండూ ఒక తీరువే.

బైబిల్లో దీనికి తగిన ఘట్టం నిర్గమకాండము 18వ అధ్యాయంలో ఉంది. ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనం తగువులు తీరుస్తున్న మోషేను చూసి మామ యిత్రో, ‘నీవు చేయుచున్న పని మంచిది కాదు’ అంటాడు. ఇలాగైతే నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అని హెచ్చరిస్తాడు. తర్వాత వెయ్యి మందికి, నూరు మందికి, యాభై మందికి, పది మందికి ఒక్కో అధికారిని పెట్టే పద్ధతి చెబుతాడు. ఆ పని దేవుని పనే, మోషే విశ్వాసంలోనూ లోటు లేదు. అయినా దొరికిన పరిష్కారం పని పంచడం. చెప్పింది ఇశ్రాయేలీయుడు కూడా కాదు, మిద్యాను యాజకుడు. ప్రవక్త ఏలీయా చావు కోరుకుని బదరీవృక్షం కింద పడుకున్నప్పుడు కూడా దూత వచ్చి గద్దించలేదు. రెండుసార్లు నిద్ర లేపి అన్నం పెట్టి, ‘నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది’ అని ఒప్పుకున్నాడు. పాస్టర్లు నర్సుల కోసం చేసే ప్రసంగానికి ఈ రెండు కథలూ సరిపోతాయి.

సంఘం వరకు చూస్తే చేయదగినవి మామూలు పనులే. డ్యూటీలకు వీలైన వేళ ఒక కూడిక. రెండు వారాలు కనబడనివారికి ఫోన్, అది కూడా ‘ఎందుకు రాలేదు’ అని కాకుండా ‘ఎలా ఉన్నావు’ అని. చెప్పిన మాట బయటికి పోకుండా చూడడం అన్నిటికన్నా ముఖ్యం. కాథలిక్కుల్లో పాపసంకీర్తనం విన్న గురువు ఆ మాట ఎవరికీ చెప్పకూడదన్న కఠిన నియమం ఉంది. మిగతా సంఘాల్లో ‘ప్రార్థన అంశం’ పేరుతో ఒకరి డిప్రెషన్ సంగతి వాట్సాప్ గ్రూపులో రెండు వందల మందికి చేరిపోతుంది. ఆ గ్రూపులో ఆమె హెడ్ నర్సు కూడా ఉండవచ్చు. సంఘం చేతిలో లేనిదాన్ని డాక్టరుకు అప్పగించడం కూడా పరిచర్యే అని పెద్దలు ఒప్పుకుంటే సగం పని అయిపోతుంది. 2022 అక్టోబరు నుంచి 14416 నంబరుతో టెలి మానస్ సేవ నడుస్తోంది. తెలుగులోనూ మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఆ నంబరు చర్చి నోటీసు బోర్డు మీద కనిపించేది చాలా తక్కువ చోట్ల.

మిషన్ ఆస్పత్రుల విషయంలో మాత్రం సంఘానికి ఇంకా పెద్ద చెయ్యి ఉంది. చాలా ఆస్పత్రుల పాలక మండళ్లు డయాసిస్‌ల (బిషప్పుల కింది చర్చి పరిపాలనా ప్రాంతాల) చేతిలో, సన్యాసినుల సభల చేతిలో, సంఘ పెద్దల చేతిలో ఉన్నాయి. ఆదివారం విశ్రాంతి గురించి ప్రసంగించేవారే మర్నాడు ఆ బోర్డులో కూర్చుని బడ్జెట్ మీద సంతకం పెడతారు. రాత్రి వార్డుకు ఎంతమంది నర్సులు ఉన్నారు, సెలవుల కోసం ఉంచాల్సిన 30 శాతం అదనపు సిబ్బంది ఉన్నారా, కనీస జీతం 20,000 దాటిందా అన్న మూడు అంకెలు బోర్డు సమావేశం ఎజెండాలో పెట్టించడానికి వారికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.